ఇద్దరం ఊరుకున్న చోట

మా బావమరిది పళ్ళ డాక్టరు. పళ్ళ డాక్టరుతో తగాదా పెట్టుకుంటే ఒక చిక్కుంది. అతనికి రోజంతా నోళ్ళు తెరుచుకుని వెల్లకిలా పడుకున్న మనుషులు దొరుకుతారు. వాళ్ళు ఏం చెప్పినా వింటారు, కాదనరు, మహా అయితే "ఆఁ" అంటారు. ఆ వానాకాలం వాళ్ళందరికీ అతను నా తప్పును వివరంగా చెప్పాడు. వాళ్ళు "ఆఁ" అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ వచ్చినవాళ్ళందరినీ అడిగాను బావా. ఒక్కడు కూడా నీ వైపు లేడు" అనేవాడు.

ఆ తప్పు పేకాటలోది. పేకాట అనగానే మొహం చిట్లించకండి. మాది పందెం ఆట కాదు, బ్రిడ్జి. అందులో చేతులు మారేది పరువొక్కటే.

మా ఇంట్లో కింది వాటాలో నేను, పై వాటాలో అతనూ అతని భార్యా ఉండేవాళ్ళం. మా ఆవిడ మంచాన పడ్డప్పుడు అక్కకు సాయంగా ఉందామని వాళ్ళిద్దరూ సామాను సర్దుకుని వచ్చి పైన చేరారు. తర్వాత ఆవిడ పోయింది. వాళ్ళు మాత్రం వెళ్ళలేదు. నేను వెళ్ళమనలేదు, ఉండమనలేదు. వాళ్ళు వెళ్తామనలేదు, ఉంటామనలేదు. రాత్రి భోజనం ముగ్గురం కింద నా బల్ల దగ్గరే చేసేవాళ్ళం. అతని భార్య బడిలో లెక్కల టీచరు. నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది. నా కంచంలో కూర తగ్గితే అడక్కుండా వేస్తుంది. భార్య పోయినవాడికి, అడక్కుండా కంచంలో పడే గరిటెడు కూర ఎంత పెద్ద సంగతో తెలిసినవాళ్ళకు తెలుసు.

వానలు మొదలైన కొత్తల్లో, ఒకరోజు అన్నాలు తింటుంటే మా బావమరిది తల వంచుకునే అన్నాడు:

"బావా, పెద్దాసుపత్రి వాళ్ళు నన్ను రమ్మంటున్నారు."

"ఏ పెద్దాసుపత్రి?"

"ఊరవతల కొత్తగా కట్టారే, అది. పళ్ళ విభాగం మొత్తం నా చేతిలో పెడతారట. అక్కడే క్వార్టర్స్ కూడా ఇస్తారట. వానలు వెనకపట్టేలోపు ఏదో ఒకటి చెప్పమన్నారు."

లెక్కల టీచరు చేతిలో గరిటె గిన్నెకూ కంచానికీ మధ్య ఆగిపోయింది. నేను అది చూశాను. చూసి కూడా నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"మంచిదే కదరా," అన్నాను. "ఆ ఇరుకు క్లినిక్కులో ఎంతకాలమని. నీ ఇష్టం."

"మీరేమంటారు అన్నయ్యగారూ?" అంది ఆమె.

"నేననేదేముందమ్మా. వాడి వృత్తి, వాడి ఇష్టం."

"సరే," అన్నాడు అతను. అన్నం సగంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. పంటి నొప్పేమో అనుకున్నాను. పళ్ళ డాక్టర్లకు పంటి నొప్పి రాకూడదని ఎక్కడుంది?

నా మనసులో మాట ఇది: అక్క కోసం వచ్చారు, అక్క పోయింది. ఇంకా నా కోసం ఉండమనడం ఆశకు పోవడమే. వాళ్ళ బతుకు వాళ్ళని బతకనివ్వాలి. ఆ పూట గొప్ప ఔదార్యం చూపించానని నేను తృప్తిగానే పడుకున్నాను.

*

మా క్లబ్బు ఒక ఫర్నిచర్ దుకాణం మీది అంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటే వార్నిష్ వాసన, పైకి వెళ్తే టీ వాసన, వానాకాలంలో ఆ రెంటి మీదా తడిసిన గొడుగుల వాసన. ఏటా ఆ రోజుల్లోనే జట్ల పోటీ జరిగేది. మా ఆవిడ ఉన్నంతకాలం ఆవిడ ఇద్దరితోనూ ఆడేది. వారం మధ్యలో తమ్ముడితో, వారాంతంలో నాతో. నేనూ అతనూ ఎప్పుడూ ఎదురెదురుగా కూర్చోలేదు. ఆవిడ పోయాక ఒకరోజు అతనే, "ఇద్దరికీ జోడీ లేదు, మనమే ఆడదాం పద బావా" అన్నాడు. అలా మొదలుపెట్టాం.

బ్రిడ్జి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్తాను. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురుగా ఉన్నవాళ్ళు ఒక జోడీ. ముక్కలు వేసేముందు పాట ఉంటుంది. వేలంపాట లాంటిదే, మేం ఇన్ని పట్లు గెలుస్తాం అంటే మేం అన్ని గెలుస్తాం అని. పోటీల్లో నోటితో అనకూడదు. మాటలు అచ్చేసిన చీటీలు బల్ల మీద పెట్టాలి. పచ్చ చీటీ పెడితే పాస్, అంటే ఊరుకుంటున్నానని. ఎర్ర చీటీ పెడితే డబుల్, అంటే మీరన్నంత ఆట మీ దగ్గర లేదు, ఓడితే రెట్టింపు కట్టాలని. ఎదురుగా కూర్చున్న మన జోడీకి మన చేతిలో ఏముందో ఆ చీటీలతోనే తెలియజెయ్యాలి. కన్ను కొట్టకూడదు, దగ్గకూడదు, "నీ ఉద్దేశమేమిటి?" అని అడక్కూడదు. అన్నిటికంటే విచిత్రమైన రూలు ఇంకోటుంది. మన చీటీకి అర్థమేమిటని అవతలివాళ్ళు అడగొచ్చు. కానీ అడిగేది మనల్ని కాదు, మన జోడీని. అతను చెప్తుంటే మనం కొయ్యబొమ్మలా కూర్చోవాలి.

సెమీఫైనల్లో మా ఎదుటి జట్టులో మందులషాపు దంపతులు. ఆ మొగుడూ పెళ్ళాలు ప్రతి ఆట తర్వాతా గొంతు చించుకుని పోట్లాడుకుంటారు. "నీ బుర్రలో ఏముందయ్యా?", "నీ బుర్రలో లేనిదే!" అనుకుని, మరుక్షణం ఒకే గ్లాసులో టీ తాగుతారు. ఏటా ఫైనల్స్‌కి వెళ్తారు.

చివరికొచ్చేసరికి రెండు జట్లూ పోటాపోటీగా ఉన్నాయి. మా బావమరిది ఇస్పేటుతో పాట మొదలుపెట్టాడు. మందులషాపాయన ఆఠీను అన్నాడు. నా చేతిలో ఇస్పేట్లూ ఉన్నాయి, బలమూ ఉంది. ఆ సంగతి చెప్పే చీటీ పెట్టాను. మా వాడు నాలుగు ఇస్పేట్ల దాకా వెళ్ళాడు. ఆట మాదే. అప్పుడు మందులషాపాయన అయిదు ఆఠీన్లన్నాడు. అన్ని గెలవలేనని ఆయనకూ తెలుసు. ఓడినా సరే, మమ్మల్ని ఆడనివ్వకూడదని అడ్డం పడ్డాడు. అలాంటప్పుడు చెయ్యాల్సినవి రెండే. మేం ఇంకో మెట్టు ఎక్కి అయిదు ఇస్పేట్లనాలి, లేదా ఎర్ర చీటీ పెట్టి దండించాలి. ఊరుకోవడం అనేది మాత్రం లేదు.

ఎక్కాలా, దండించాలా? అది మా వాడి చేతిలో ముక్కల్ని బట్టి ఉంటుంది. అందుకని నేను పచ్చ చీటీ పెట్టాను. నా బలం నీకు తెలుసు, ఇక తేల్చాల్సింది నువ్వే, అని దాని అర్థం. మా ఆవిడా నేనూ ఎన్ని వందలసార్లు అలా ఒకళ్ళకొకళ్ళం వదిలేసుకున్నామో లెక్కలేదు.

మందులషాపావిడ చీటీ తియ్యబోయి ఆగింది. మా బావమరిది వైపు తిరిగింది.

"డాక్టరుగారూ, మీ బావగారి పాస్‌కి అర్థమేంటండీ?"

"అర్థమేముంది? ఇక చెప్పడానికి ఏమీ లేదని," అన్నాడు అతను.

నేను వింటున్నాను. ఎదురుగా కూర్చుని, నా చెవులతో నేనే వింటున్నాను. నా చేతిలో రాజుందిరా, రాణుందిరా, చెప్పడానికి ఎంతో ఉందిరా అని అరవాలని ఉంది. అరిస్తే ఆటలోంచి తోసేస్తారు. పై కప్పు మీద వాన దంచుతోంది. నేను ముక్కల అంచులు సరిచేసుకున్నాను.

ఆవిడ సంతోషంగా పచ్చ చీటీ పెట్టింది. మా వాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. నా మొహం కొయ్యబొమ్మలాగే ఉండాలి, ఉంది. అతనూ పచ్చ చీటీ పెట్టాడు. పాట ముగిసింది.

మందులషాపాయన మూడు పట్లు తక్కువ తెచ్చుకుని, దండన లేకుండా నవ్వుకుంటూ ముక్కలు సర్దుకున్నాడు. జట్ల పోటీలో ప్రతి జట్టుకూ ఇంకో జోడీ ఉంటుంది, అవే ముక్కలు రెండు గదుల్లోనూ ఆడిస్తారు. పక్కగదిలో మా ముక్కలు పట్టుకున్న వాళ్ళ జోడీ అయిదు ఇస్పేట్లకు వెళ్ళి గెలిచింది. ఆ ఒక్క ఆటతో మేం ఇంటికి, వాళ్ళు ఫైనల్స్‌కి.

"ఎందుకూరుకున్నావు?" అన్నాను.

"నువ్వెందుకూరుకున్నావు?" అన్నాడు.

*

ఆ రోజునుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. పళ్ళు తోముకుంటూ అతను మెట్ల మీదినుంచి కేకేసేవాడు: "బావా, రాత్రి మళ్ళీ ఆలోచించాను, తప్పు నీదే!" నేను బూట్లు వేసుకుంటూ, "వాళ్ళు అడ్డం పడ్డప్పుడు ఊరుకునే హక్కు నీకెక్కడిదిరా?" అనేవాణ్ణి. లెక్కల టీచరు మా ఇద్దరి మధ్యనుంచి గొడుగు పట్టుకుని వెళ్తూ, "నా బళ్ళో మూడో తరగతి పిల్లలు నయం. వాళ్ళు ఇంటర్వెల్‌కి మర్చిపోతారు" అనేది.

నాకు చిరాకు పుట్టించేది ఏమిటంటే, తప్పు పంచడం నా ఉద్యోగం. బీమా ఆఫీసులో మోటారు ప్రమాదాల క్లెయిములు చూసేవాణ్ణి. కూడలిలో రెండు బళ్ళు గుద్దుకుంటే ఎవరి తప్పు ఎంతపాలు అని తేల్చి సంతకం పెట్టడమే నా పని. తాగి నడిపినవాడివీ, ఫోను చూస్తూ నడిపినవాడివీ సుళువుగా తెగేవి. తెగనివి మర్యాదస్తుల కేసులు. ఇద్దరూ ఆగుతారు, "ముందు మీరు వెళ్ళండి" అని ఒకళ్ళకొకళ్ళు చెయ్యి ఊపుతారు, ఎవరూ కదలరు. సరేలే అని ఇద్దరూ ఒకేసారి కదులుతారు. ఢీ. అటువంటి ఫైలు వస్తే మా ఆఫీసులో అందరూ పక్కవాడి బల్ల మీదికి తోసేవాళ్ళు.

మా క్లబ్బులో ఒక ఆచారముండేది. పోటీలు అయిపోయాక ఆ ఏడాది జరిగిన అన్నిటికన్నా ఘోరమైన ఆటను నల్లబల్ల మీద సుద్దతో రాసి, సభ్యులంతా కూర్చుని తప్పు పంచేవాళ్ళు. ఎక్కువ పాలు ఎవరికి పడితే వాళ్ళు అందరికీ టీ ఇప్పించాలి. ఆ ఏడు మా ఆటే ఎక్కింది. క్లబ్బు సెక్రటరీ ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు. ఇప్పటికీ మాటల్లో ఈల మోగుతుంది.

"ముద్దాయిలిద్దరూ లేచి నిలబడాలి! డాక్టరూ, ముందు నువ్వు చెప్పు."

"చెప్పేదేముంది సార్. బలం ఉన్నవాడు నోరు తెరవాలి. మా బావ తెరవలేదు. పచ్చ చీటీ పెట్టాడు. మౌనం అర్ధాంగీకారమన్నారు. వాళ్ళ అయిదు ఆఠీన్లకి ఒప్పుకున్నాడనుకున్నాను."

"అర్ధం అంగీకారమైతే మిగతా అర్ధం ఏమైందిరా?" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

"నన్నడిగితే డాక్టరుగారిదే తప్పు," అంది మందులషాపావిడ. "నేనడిగాను కూడా, పాస్‌కి అర్థమేంటని. ఏమీ లేదన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది."

"నువ్వు అడక్కపోతే ఆయన ఇంకాస్త ఆలోచించేవాడు," అన్నాడు ఆమె మొగుడు.

"అడిగితే తప్పా మీకు? పోయినేడాది అడగలేదని వారం రోజులు సాధించారు!"

"అది వేరు."

"ఏం వేరు? అప్పుడు నేను మీ పెళ్ళాన్ని కానా?"

"ఆర్డర్! ఆర్డర్!" అని సెక్రటరీ డస్టరుతో నల్లబల్లను బాదాడు. సుద్దపొడి ముందువరస వాళ్ళ టీలో పడింది.

ఒకాయన నాకు డెబ్భైపాళ్ళు అన్నాడు. ఇంకొకాయన మా వాడికి తొంభై అన్నాడు. వెనకనుంచి ఎవరో, "తిలా పాపం తలా పిడికెడు, కానివ్వండి, వాన ముదురుతోంది" అన్నారు.

"ఇలా చూడండి," అన్నాడు మా బావమరిది. అతని గొంతులో ఆటలో ఉండాల్సిన దానికంటే ఎక్కువ వేడి ఉంది. "మా అక్కతో ఇన్నేళ్ళు ఆడాను. అక్క ఏదుంటే అది అనేసేది. చేతిలో ఏమీ లేనప్పుడే పాస్ అనేది. నాకు తెలిసిన పాస్ అదే."

"మీ అక్క నాతో ఎప్పుడూ అలా ఆడలేదు," అన్నాను. "తేల్చాల్సిన చోట నాకు వదిలేసేది. నేను తనకు వదిలేసేవాణ్ణి. పాస్ అంటే నీ మీద నమ్మకం అని."

అప్పుడు మందులషాపావిడ తన మామూలు గొంతుతోనే, మొగుణ్ణి దెప్పినట్టే అంది:

"పాపం, ఆవిడకి ఎంత పని పెట్టారండీ మీరిద్దరూ!"

మళ్ళీ నవ్వులు. సెక్రటరీ చెరిసగం అని తీర్పు చెప్పేశాడు. ఇరవయ్యేళ్ళపైబడి ఈ పని చేసినవాడిగా చెప్తున్నాను, చెరిసగం అన్నది తీర్పు కాదు. చూసేవాడికి ఓపిక అయిపోయిందని అర్థం. టీ ఇద్దరం కలిసి ఇప్పించాం. ఇంటికి ఒకే గొడుగు కింద, చెరో భుజం తడుపుకుంటూ నడిచాం. అతను ఎత్తరి కాబట్టి గొడుగు అతనే పట్టుకున్నాడు. ఇంటి గుమ్మం దగ్గర చూస్తే నా రెండో భుజం కూడా దాదాపు పొడిగానే ఉంది. అతని చొక్కా మాత్రం వీపు దాకా అంటుకుపోయింది. దాన్ని గురించి ఏదైనా అందామనుకున్నాను. "నీ రాజును ముందే చూపించి ఉంటే..." అని అతను మొదలుపెట్టేసరికి ఒళ్ళు మండి లోపలికి వెళ్ళిపోయాను.

*

మెట్ల గదిలో కప్పు కారేది. వాన పెద్దదైనప్పుడల్లా బకెట్టు పెట్టి, నిండితే పారబోసేవాణ్ణి. ఒక సాయంత్రం బకెట్టు తియ్యడానికి సగం మెట్లెక్కాను. పైన తలుపు ఓరగా తీసుంది. మా బావమరిది ఫోనులో మాట్లాడుతున్నాడు. మాట తీరును బట్టి ఆసుపత్రివాళ్ళతోనే.

"...లేదండీ, ఇంట్లో ఇబ్బందేమీ లేదు. మా బావా? ఆయనకు అభ్యంతరమేమీ లేదండీ. చెప్పాను. ఏమీ అనలేదు." కాసేపు అవతలిమాట విన్నాడు. "అబ్బే, ఆయనదేముంది. మేం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

నేను మెట్టు మీద అలాగే నిలబడిపోయాను. బకెట్టులో చుక్కలు పడుతున్నాయి. రెండు అడుగులు వేసి తలుపు తోసి "కాదు" అంటే సరిపోతుంది. ఇక్కడ అడ్డుపడే రూలేమీ లేదు. తోసేసేవాళ్ళూ లేరు. అయినా కోపం ముందు వచ్చింది: ఒకటే అని నేనెప్పుడన్నాను? నన్నడిగావా? అడగకుండా నా మాటకు నువ్వెలా అర్థం చెప్తావు?

బకెట్టు తీసుకుని కిందికి వచ్చేశాను. ఆ కోపం నాలుగైదు రోజులు నిలవుంది. భోజనాల దగ్గర ముగ్గురం వాన గురించి మాట్లాడుకున్నాం.

అది తెగింది వంటింట్లో. నేను గిన్నెలు కడుగుతున్నాను, లెక్కల టీచరు తుడిచి అరలో పెడుతోంది. మా బావమరిది గుమ్మానికి ఆనుకుని నిలబడి మళ్ళీ అందుకున్నాడు.

"నేనడిగేది ఒక్కటే బావా. చేతిలో అంత పెట్టుకుని ఎందుకూరుకున్నావు?"

"నీకు వదిలేశాన్రా బాబూ! ఎన్నిసార్లు చెప్పాలి?"

"వదిలేశావని నాకెలా తెలుస్తుంది? ఊరుకున్నవాడు వదిలేశాడో, వద్దనుకున్నాడో మొహం మీద రాసుంటుందా?"

"ఇంతకాలంగా చూస్తున్నావు, ఆ మాత్రం తెలియదా?"

"తెలియదు! అందరూ అక్కలా ఉండరు, నీ మొహం చూసి చదువుకోవడానికి!"

"మరి అడగాల్సింది!"

"ఆటలో ఎలా అడుగుతారు?"

లెక్కల టీచరు కొళాయి కట్టేసింది. నీళ్ళ చప్పుడు ఆగేసరికి మా గొంతులు ఎంత పెద్దగా ఉన్నాయో మాకే తెలిసింది.

"ఆటలో అడక్కూడదు, సరే," అంది. "ఇంట్లో అడక్కూడదని ఎవరు పెట్టారు రూలు?"

ఇద్దరం ఆమె వైపు చూశాం. ఆమె గుడ్డ మడత పెట్టుకుంటోంది, మా వైపు చూడ్డం లేదు.

నా చేతిలో కంచం ఇంకా సబ్బుగానే ఉంది. దాన్ని చూస్తూ అన్నాను: "మీరు వెళ్ళకపోతే బాగుండునని ఉంది నాకు."

మా బావమరిది గుమ్మం దగ్గర సర్దుకుని నిలబడ్డాడు.

"పొద్దున సంతకం పెట్టొచ్చాను బావా."

"ఓహో," అన్నాను.

కంచాన్ని మళ్ళీ తోమడం మొదలుపెట్టాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"నేను ముందే ఉండమని ఉంటే ఉండేవాడివా?"

"అని ఉంటే చెప్పేవాణ్ణి."

"నువ్వు అడగలేదుగా, ఉండమంటావా బావా అని."

"నీకు చెప్పానుగా, రమ్మంటున్నారని!"

"చెప్పావు. అడగలేదు."

"చెప్పడమంటే అడగడం కాదా? నువ్వేమన్నావు? నీ ఇష్టం అన్నావు. మనుషుల్ని గుమ్మం బయటికి పంపేటప్పుడు కూడా అలాగే అంటారు!"

"నీ మంచి కోరి అన్నాన్రా!"

"నా మంచేదో నేను చూసుకుంటాను, నీకేం కావాలో నువ్వు చెప్పొచ్చుగా!"

"చెరిసగం!" అంది లెక్కల టీచరు. గుడ్డ బల్ల మీద విసిరికొట్టింది. "చెరిసగం, చెరిసగం, చెరిసగం! ఇక పడుకోండి ఇద్దరూ." ఆమె ఏడుస్తోందని మెట్లెక్కుతుంటే గానీ నేను చూడలేదు.

*

వాన కాస్త తెరిపిచ్చిన ఒక ఉదయం వ్యాను వచ్చింది. అయితే అంతవరకూ ఉన్న రోజులు చెడ్డగా గడవలేదు. దాచడానికి ఏమీ మిగలనందువల్ల కాబోలు, మేం మందులషాపు దంపతుల్లాగే బాహాటంగా పోట్లాడుకున్నాం. ఏ కుర్చీ ఎవరిది అన్నదాని మీద పోట్లాడాం. అక్క శాలువ నువ్వే ఉంచుకో అంటే నువ్వే ఉంచుకో అనడం మొదలవగానే లెక్కల టీచరు, "నాకు కావాలి. నాకు చలి" అని దాన్ని తీసి పెట్టెలో పెట్టేసింది. ఒక మనిషి ఇంత సుళువుగా నాకు కావాలి అనడం చూసి మేమిద్దరం తెల్లబోయాం.

వ్యాను కదిలేముందు అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "మాట ఇచ్చాను బావా, లేకపోతే..." అన్నాడు.

"తెలుసు," అన్నాను. నిజానికి నాకు తెలియదు. లేకపోతే ఏమిటో అతను పూర్తిగా చెప్పలేదు, నేనూ అడగలేదు. అలవాట్లు ఒక వానాకాలంలో పోవు.

తర్వాత ఇల్లు చాలా శుభ్రంగా ఉండేది. వంట ఒక్కడికి చెయ్యడం నాకు చేతకాలేదు. ఎప్పుడు వండినా ముగ్గురికి సరిపడా అయ్యేది. మిగిలినది మర్నాడు తినేవాణ్ణి. పైన నడక చప్పుడు లేదు. మెట్ల గదిలో కప్పు కారడం మాత్రం ఎందుకో ఆగిపోయింది. ఎవరు బాగుచేయించారా అనుకున్నాను. పై వాటా ఊడ్వడానికి వెళ్తే, పెంకుల మీద కొత్త తారుపట్టా కనబడింది. వెళ్ళేముందు అతనే ఎక్కి వేసుంటాడు. నాకు చెప్పలేదు.

ఆ సాయంత్రం ఫోను చేశాను. అతని గొంతు వెనక ఏదో పరికరం గుర్రుమంటోంది. ఇంకా పనిలోనే ఉన్నట్టున్నాడు.

"ఏం బావా? ఒంట్లో బాగుందా?"

"బాగుంది. ఆదివారం మీరిద్దరూ రావాలి."

"ఆదివారమా? చూద్దాం బావా. నువ్వొక్కడివే వండాలి, నీకెందుకు శ్రమ. వీలు చూసుకుని..."

వీలున్నప్పుడే రండిలే అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట అది. మింగాను.

"వీలు సంగతి నాకు తెలీదు," అన్నాను. "నాకు ఒక్కణ్ణే కూర్చుని తినడం చాతకావడం లేదు. రండి."

అవతల పరికరం ఆగింది. తర్వాత లెక్కల టీచరు గొంతు, కాస్త దూరంనుంచి. బడినుంచి వస్తూ అతని దగ్గర ఆగినట్టుంది.

"ఎవరు? అన్నయ్యగారా? ఏమంటున్నారు?"

అతను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"రమ్మంటున్నాడు," అన్నాడు.